కోడ్ రాకపోయినా మన కొట్టుకి మనమే సాఫ్ట్‌వేర్ చేయించుకోవడం ఎలా

ఒడిశాలో బరంపురం బొడొ బజారులోనో, పర్లాకిమిడిలోనో, రాయగడ, జయపురం వైపో చిన్న వ్యాపారం నడుపుతూ లెక్కలన్నీ పుస్తకంలో రాసుకునే మన తెలుగువాళ్ళ కోసం ఇది. ట్యూషన్ సెంటర్ నడిపేవాళ్ళకీ, పట్టు చీరల కమీషన్ వ్యాపారం చేసేవాళ్ళకీ, ఏ పాపం చేశారో అపార్టుమెంటు సెక్రటరీ అయి మెయింటెనెన్స్ డబ్బులు వసూలు చేసుకుంటున్నవాళ్ళకీ కూడా పనికొస్తుంది. ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు, నేర్చుకోమని కూడా అనను. కానీ మీ పని మీకు పూర్తిగా తెలిసుండాలి, దాన్ని కాగితం మీద పెట్టగలగాలి. కష్టమంతా అక్కడే ఉంది కాబట్టి నేను కూడా ఎక్కువ దాని గురించే చెబుతాను.

"కంప్యూటరే ప్రోగ్రాం రాసేస్తుంది, ఇక ప్రోగ్రామర్లతో పనిలేదు" అన్న మాట ఇవాళ్టిది కాదు. 1957లో ఐబీఎంలో జాన్ బ్యాకస్ బృందం ఫోర్ట్రాన్ తెచ్చినప్పుడు దాన్ని ఆటోమేటిక్ కోడింగ్ అనే పిలిచారు, ఎందుకంటే లెక్కల సూత్రంలా రాసిస్తే మెషిన్ కోడ్ దానంతట అదే తయారయ్యేది. 1959లో మొదలైన కోబాల్ ఇంగ్లీషు వాక్యాల్లా ఉంటుంది కాబట్టి మేనేజర్లు కూడా చదివేస్తారన్నారు. మేనేజర్లు చదివిందీ లేదు, ప్రోగ్రామర్లు తగ్గిందీ లేదు. 1985లో డేవిడ్ పార్నస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, ఆటోమేటిక్ ప్రోగ్రామింగ్ అంటే అప్పటికి చేతిలో ఉన్న భాషకంటే ఒక మెట్టు పైనున్న భాషలో ప్రోగ్రాం రాయడానికి పెట్టుకున్న ముద్దుపేరే అని తేల్చేశాడు. మామూలు జనం చేతికి నిజంగా వచ్చింది మాత్రం 1979లో, పర్సనల్ కంప్యూటర్ల మీద నడిచిన మొదటి స్ప్రెడ్‌షీట్ విజికాల్క్‌తో. డబ్బాల్లో అంకెలు, పక్కన ఒక ఫార్ములా, ఒకటి మారిస్తే మిగతావన్నీ మారిపోవడం. మన ఎక్సెల్, గూగుల్ షీట్స్ అన్నీ దాని సంతానమే. 2022 నవంబరులో చాట్‌జీపీటీ అనే ఏఐ వచ్చాక మనకి కావలసింది తెలుగులో రాసినా కోడ్ ఇచ్చే రోజు వచ్చింది. ఇన్నేళ్ళలో కోడ్ టైపు కొట్టే శ్రమ తగ్గుతూ వచ్చింది గానీ, ఏం కావాలో తేల్చుకునే శ్రమని ఎవరూ తగ్గించలేదు. ఏఐ కూడా తగ్గించదు.

ముందు ఏ దారో చూసుకోండి

దారులు మూడు. మొదటిది ఉత్త షీటు: గూగుల్ షీట్స్‌లో పట్టికలు, నాలుగు ఫార్ములాలు, ఎంట్రీ కోసం ఒక గూగుల్ ఫారం. రెండోది యాప్‌షీట్, గ్లైడ్ లాంటివి, అంటే మీ షీటుని చూసి ఫోన్ యాప్‌ని అవే కట్టి ఇచ్చేవి. యాప్‌షీట్‌ని 2020లో గూగుల్ కొనేసింది, అందుకని షీట్స్‌తో బాగా కలిసిపోతుంది. నెట్ లేనప్పుడు ఎంట్రీ కొట్టినా తర్వాత సిగ్నల్ తగిలాక పంపించుకుంటుంది, గజపతి, రాయగడ కొండల్లో లైను తిరిగే కుర్రాళ్ళకి ఇదొక్కటి చాలు దాన్ని ఎంచుకోవడానికి. మూడోది ఏఐ చేత స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, రాయించుకుని షీటు వెనకాల పెట్టుకోవడం.

నన్నడిగితే చాలా కొట్లకి మొదటిదే సరిపోతుంది. యాప్ ఉందని చెప్పుకోవడం బాగానే ఉంటుంది గానీ, పని జరిగేది షీటులో. షీటు సరిగ్గా కట్టుకుంటే మిగతా రెండు దారులూ దాని మీదే నడుస్తాయి, కాబట్టి ఎటు వెళ్ళినా మొదలు అక్కడే.

ఏఐ దాకా వెళ్ళకుండానే జరిగే చిన్న పనులు కూడా కొన్ని ఉన్నాయి. ఎక్సెల్‌లో ఒక కాలమ్‌లో "ఊరు - పేరు - ఫోను" కలిపి రాసి ఉందనుకోండి, పక్క కాలమ్‌లో మొదటి రెండు వరసలకి పేరు మాత్రం మీరు రాసి, కంట్రోల్ పట్టుకుని ఈ నొక్కితే మిగతా వరసలు అదే నింపేస్తుంది. దీని పేరు ఫ్లాష్ ఫిల్, 2013 ఎక్సెల్‌లో వచ్చింది, మైక్రోసాఫ్ట్ రీసెర్చిలో సుమిత్ గుల్వానీ చేసిన పని. రెండు ఉదాహరణలు చూసి రూలు ఏమిటో అదే ఊహించుకుంటుంది. అయితే అది ఒక్కసారి నింపి వదిలేస్తుంది, తర్వాత మీరు మొదటి కాలమ్ మారిస్తే రెండోది మారదు. పాత డేటా శుభ్రం చేసుకోడానికి భేష్, రోజువారీ లెక్కకి పనికిరాదు.

కంప్యూటర్ తెరవకండి, పుస్తకం తెరవండి

ఒక ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. బరంపురం అంటే అప్పడాలు, పచ్చళ్ళు కదా. మా వీధిలో ఒక పిన్నిగారు అప్పడాలు, వడియాలు, ఆవకాయ చేయించి చుట్టుపక్కల కొట్లకి హోల్‌సేల్‌గా వేస్తారు. ఇటు ఛత్రపురం, గుణుపురం, అటు సరిహద్దు దాటి ఇచ్ఛాపురం, సోంపేట దాకా బస్సు పార్సిళ్ళు వెళ్తాయి. ఆవిడకి కావలసింది ఒక్కటే: ఏ పార్టీ ఎంత బాకీ, సాయంత్రానికి చెప్పాలి. వినడానికి రెండు కాలమ్‌ల పనిలా ఉంటుంది. పక్కన కూర్చుని అడిగి చూడండి.

"పిన్నిగారూ, పాత బిల్లు రెండున్నాయి, పార్టీ కొంత డబ్బు ఇచ్చాడు. ఏ బిల్లుకి జమ వేస్తారు?"

"పాతదానికే బాబూ, ముందు పాతది తీరాలి కదా."

"అందరికీ అంతేనా?"

"అందరికీ అంతే. గుణుపురం ఆయనకి మాత్రం కాదు, ఆయన బిల్లు నంబరు చెప్పి మరీ కడతాడు, పాతదాంట్లో సరుకు తడిసిందని గొడవ నడుస్తోంది."

"ఖాళీ డబ్బాలు వాపసు వస్తే?"

"డబ్బాకి 40 తగ్గిస్తాను. మూత లేకపోతే తగ్గించను. అదేం రాసుకోను, గుర్తుంటుంది."

చూశారా, "అందరికీ అంతే" అన్న మాట వెనకాలే ఒక మినహాయింపు వచ్చింది, గుర్తుంటుందన్న చోట ఇంకొకటి. సాఫ్ట్‌వేర్ తప్పులు పుట్టేది సరిగ్గా ఇలాంటి చోటే. ఏఐ అనేది కొత్తగా చేరిన చురుకైన గుమాస్తా లాంటిది, తెలియదని చెప్పడం దానికి నామోషీ. మీరు చెప్పని చోట అడక్కుండా దానికి తోచింది పెట్టేస్తుంది, పెట్టినట్టు మీకు చెప్పను కూడా చెప్పదు.

అందుకని ఒక తెల్లకాగితం తీసుకుని మీ పనిలో "ఒకవేళ" అన్న ప్రతి మాటా రాయండి. ఒకవేళ డబ్బు ఎక్కువ ఇస్తే? అడ్వాన్సుగా ఉంచుతారా, తిరిగి ఇస్తారా? ఒకవేళ సరుకు వాపసు వస్తే బిల్లు కొట్టేస్తారా, వాపసు అని వేరే రాస్తారా? రేటు మధ్యలో పెరిగితే, ముందే ఆర్డరు చెప్పినవాడికి ఏ రేటు? బరంపురంలో రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి యాత్ర ఏడాది వస్తే నెలపాటు అరువు నియమాలు మారతాయా? చెక్కు ఇచ్చాడు, బ్యాంకులో పడే దాకా బాకీ తగ్గించాలా వద్దా? వీటికి సరైన సమాధానం అంటూ ఏమీ లేదు, మీ కొట్టులో మీరు చేసేదే సమాధానం. అది మీ నోట్లోంచే రావాలి, పక్కింటి ఇంజనీరింగ్ కుర్రాడికీ తెలియదు, అమెరికాలో ఉన్న ఏఐకీ తెలియదు. మీరు లేనప్పుడు కొట్టు చూసుకునేవాళ్ళని కూడా విడిగా అడగండి. మీరు చెప్పిందీ వాళ్ళు చేస్తున్నదీ ఒకటి కాకపోతే, అది ఇప్పుడే తేలడం మంచిది.

షీటు ఎలా కట్టాలి

ఒకే పేజీలో అన్నీ ఇరికించకండి. పార్టీలకి ఒక ట్యాబ్, సరుకులకి ఒకటి, బిల్లులకి ఒకటి, జమలకి ఒకటి, డబ్బాల వాపసుకి ఒకటి. ఒక వరసలో ఒక్క సంగతే. అందంగా ఉంటుందని గడులు కలిపేయడం, పేజీ మధ్యలో "జులై నెల" అని హెడ్డింగ్ పెట్టడం, బాకీ ఉన్నవాళ్ళకి ఎర్ర రంగు వేసి వదిలేయడం, ఇవన్నీ మనిషి కంటికి బాగుంటాయి, ఫార్ములాకి అర్థం కావు. రంగు వేయాలనిపిస్తే దానికి బదులు "స్థితి" అని ఒక కాలమ్ పెట్టి అందులో మాటగా రాయండి.

ప్రతి పార్టీకీ ఒక నంబరు ఇవ్వండి: 001, 002 అలా. మన దగ్గర ఇది మరీ ముఖ్యం. ఒకే మనిషి పేరు బిల్లులో తెలుగులో, పార్సిల్ మీద ఒడియాలో, ఫోన్‌లో ఇంగ్లీషులో ఉంటుంది, ఇంగ్లీషులో మళ్ళీ మూడు రకాల స్పెల్లింగులు. కంప్యూటర్‌కి అవన్నీ వేరు వేరు మనుషులే. లెక్కలన్నీ నంబరు మీదే నడవాలి, పేరు చూపించడానికి మాత్రమే. పార్టీల ట్యాబ్‌లో తెలుగు పేరుకి ఒక కాలమ్, ఒడియా పేరుకి ఒక కాలమ్ పెట్టి, ఎంట్రీ చేసే చోట టైపు కొట్టనివ్వకుండా డ్రాప్‌డౌన్ లిస్టు పెట్టేస్తే సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి. గోడౌన్‌లో పనిచేసే అబ్బాయికి తెలుగు చదవడం రాకపోతే లిస్టులో రెండు లిపులూ పక్కపక్కన చూపించవచ్చు. ఏఐ ఒడియాలోకి మార్చి ఇచ్చినవి ఒడియా బాగా వచ్చిన మనిషి ఒకసారి చూడాలి, సరుకుల పేర్ల దగ్గర మరీను.

ఇంకో చిక్కు ఫాంట్లది. పాత రేట్ల పట్టిక డీటీపీ షాపులో కొట్టించి ఉంటారు, తెలుగు అయితే అను ఫాంట్లలో, ఒడియా అయితే ఆకృతిలో. వాటిని కాపీ చేసి షీటులో పెడితే పిచ్చి గీతలు వస్తాయి, ఎందుకంటే అవి అన్ని కంప్యూటర్లకీ అర్థమయ్యే యూనికోడ్ కాదు, ఇంగ్లీషు అక్షరాలకే మన బొమ్మ తొడిగినవి. కన్వర్టర్లు ఉన్నాయి గానీ వత్తుల దగ్గర తప్పులు వస్తాయి. వందలోపు పేర్లయితే ఫోన్‌లో నోటితో చెప్పి మళ్ళీ కొట్టించుకోవడమే త్వరగా తెములుతుంది. అంకెలు మాత్రం ఎప్పుడూ మామూలు ఇంగ్లీషు అంకెలే వాడండి, ఒడియా అంకెల్లో కొట్టిన మొత్తాన్ని నమ్ముకుని కూడిక చేయకండి.

తేదీల సంగతి చెప్పకపోతే పాపం. 04/05 అంటే మనకి మే 4. షీటు సెట్టింగు అమెరికా అని ఉంటే దానికి ఏప్రిల్ 5. ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌కి వెళ్ళి లొకేల్ ఇండియా అని పెట్టండి, ఒక్క ఎంట్రీ కూడా వేయకముందే. ఫోన్ నంబర్ల కాలమ్‌ని, పార్టీ నంబర్ల కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చండి, లేదంటే ల్యాండ్‌లైన్ ముందున్న సున్నా, 001 ముందున్న సున్నాలు మాయమైపోతాయి.

పన్ను రేటుని ఫార్ములాలో పూడ్చిపెట్టకండి

సరిహద్దు మీద వ్యాపారం చేసేవాళ్ళకి ఇది విడిగా చెప్పాలి. అప్పడాలకి జీఎస్టీ లేదు, పచ్చళ్ళకి ఉంది. అదే పచ్చడి డబ్బా ఛత్రపురం కొట్టుకి వేస్తే సీజీఎస్టీ (కేంద్రానిది), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రానిది) అని సగం సగం, ఇచ్ఛాపురం కొట్టుకి పంపితే రాష్ట్రం దాటింది కాబట్టి మొత్తం ఐజీఎస్టీ, అంటే రాష్ట్రాల మధ్య అమ్మకానికి వేసే పన్ను. కస్టమరు జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రం కోడు: ఒడిశా 21, ఆంధ్ర 37. పార్టీల ట్యాబ్‌లో రాష్ట్రం కోడుకి ఒక కాలమ్ పెట్టేస్తే ఏ పన్నో షీటే తేల్చుకుంటుంది. మహారాష్ట్ర వైపు దెగ్లూరు, సిరొంచ, కిన్వట్ మనవాళ్ళకి కూడా సూత్రం ఇదే, అక్కడ 27, పక్కన తెలంగాణ 36. మనిషే కొట్టుకి వచ్చి చేత్తో పట్టుకెళ్తే ఏం రాయాలి, జీఎస్టీ నంబరు లేని కస్టమరైతే ఎలా అన్నవి ఆడిటర్ గారిని అడిగి, ఆయన చెప్పింది మీ నియమాల కాగితం మీద రాసుకోండి. ఈ విషయంలో ఏఐ మాట మీద బిల్లు కొట్టకండి.

రేట్లకి విడిగా ట్యాబ్ ఉండాలి, అందులో సరుకు, రేటు, ఏ తేదీ నుంచి అని మూడు కాలమ్‌లు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారాయి, 12 శాతంలో ఉన్న సరుకులు చాలావరకు 5కి దిగాయి. ఫార్ములాలో 12 అని నేరుగా రాసుకున్న షీటులో ఆ 12ని 5 చేస్తే ఏమవుతుంది? ఆగస్టులో ఇచ్చిన పాత బిల్లులు కూడా కొత్త రేటుకి మారిపోయి కూర్చుంటాయి, కాగితం మీద ఒకటి, షీటులో ఇంకొకటి. తేదీ కాలమ్ ఉంటే కొత్త వరస ఒకటి కలుపుతారు, పాతవి కదలవు. మీ సొంత అమ్మకం రేట్లకి కూడా ఇదే పద్ధతి.

ఏఐని అడిగే తీరు

"నాకు బాకీల యాప్ చేసి పెట్టు" అని అడిగితే ఏదో ఒకటి చేసి పెడుతుంది, చూడ్డానికి తళతళలాడుతూ ఉంటుంది, మీ కొట్టుది మాత్రం కాదు. అడగడం ఇలా ఉండాలి, తెలుగులోనే రాయండి, ఫరవాలేదు:

"గూగుల్ షీటులో ఈ ట్యాబ్‌లు ఉన్నాయి: పార్టీలు, బిల్లులు, జమలు, డబ్బాలు. ఒక్కోదాంట్లో కాలమ్‌ల పేర్లు ఇవి. నాకు 'బాకీ' అనే ట్యాబ్‌లో పార్టీ నంబరు వారీగా ఇవాళ్టికి ఎంత రావాలో కావాలి. నియమాలు: జమ వచ్చిన డబ్బు అన్నిటికంటే పాత బిల్లుకి ముందు వెళ్ళాలి, మిగిలితే తర్వాతి దానికి. జమలో బిల్లు నంబరు రాసి ఉంటే మాత్రం ఆ బిల్లుకే వెళ్ళాలి. మూతతో వాపసు వచ్చిన డబ్బాకి 40 రూపాయలు తగ్గాలి, మూత లేకపోతే తగ్గకూడదు. ఎక్కువ కట్టిన డబ్బు అడ్వాన్సు అని విడిగా చూపించాలి. పాత వరసలు ఏవీ చెరపకూడదు, మార్చకూడదు. ఉదాహరణ: పార్టీ 017 కి జులై 1న 4,200 బిల్లు, జులై 6న 2,650 బిల్లు. జులై 9న 5,000 కట్టాడు, బిల్లు నంబరు చెప్పలేదు. మూతలతో 6 డబ్బాలు వాపసు. జవాబు: మొదటి బిల్లు తీరింది, రెండో బిల్లు మీద 1,850 మిగిలింది, డబ్బాలకి 240 పోగా బాకీ 1,610. కోడ్ రాసే ముందు నీకు స్పష్టంగా లేనివి నన్ను అడుగు. నేను చెప్పని నియమం ఏదైనా నువ్వు అనుకుంటే అది విడిగా రాసి చూపించు."

ఇందులో ప్రాణం ఎక్కడుందంటే జవాబుతో సహా ఇచ్చిన ఉదాహరణలో. జవాబు ముందే మీరు కాగితం మీద వేసుకోవాలి, అది ఇచ్చిన జవాబు చూసి "ఆఁ, సరిగ్గానే ఉన్నట్టుంది" అనుకోవడం పరీక్ష కాదు. మామూలు కేసులు రెండు, గుణుపురం ఆయన లాంటి పేచీ కేసులు మూడు నాలుగు ఇవ్వండి. చివరి రెండు వాక్యాలు కూడా వదలకండి. అది అడిగే ప్రశ్నల్లో మీకు తట్టనిది ఒక్కటైనా ఉంటుంది, "6న ఇచ్చిన బిల్లుకి 5న కట్టిన డబ్బు వర్తిస్తుందా" లాంటివి.

ముందు ఫార్ములాతో కుదురుతుందేమో అడగండి. కుదరకపోతేనే స్క్రిప్టు. స్క్రిప్టు ఇస్తే షీటులో ఎక్స్‌టెన్షన్స్ మెనూలో యాప్స్ స్క్రిప్ట్ తెరిచి, అందులో ఉన్నది తీసేసి ఇది అతికించి, సేవ్ చేసి రన్ నొక్కడమే. మొదటిసారి గూగుల్ అనుమతి అడుగుతుంది, ఈ యాప్‌ని మేం పరిశీలించలేదు అని భయపెడుతుంది కూడా, మీ సొంత స్క్రిప్టుకి అది మామూలే. కానీ ఏ అనుమతులు అడుగుతోందో చదవండి. బాకీ లెక్క వేసే స్క్రిప్టుకి మీ మెయిల్ చదివే పనేమిటి? అలా అడిగితే వెనక్కి వచ్చి "ఈ ఒక్క షీటుకే పరిమితమయ్యేలా మార్చు" అని చెప్పండి.

బాకీ గుర్తుచేసే మెసేజిలు దానంతట అవే వాట్సాప్‌లో వెళ్ళాలని అందరికీ ఉంటుంది. ఆ జోలికి వెళ్ళకండి, తప్పు మొత్తంతో యాభై మందికి మెసేజి వెళ్ళిందంటే సర్దిచెప్పుకోలేరు. దానికి బదులు ప్రతి పార్టీ పక్కన ఒక లింకు తయారు చేయమనండి, నొక్కితే వాట్సాప్ తెరుచుకుని మెసేజి రాసి సిద్ధంగా ఉంటుంది, పంపే బటన్ మీరు చూసి నొక్కుతారు. ఇది ఉత్త ఫార్ములాతోనే అయిపోతుంది. బొడొ బజారు పార్టీకి ఒడియాలో, ఇచ్ఛాపురం పార్టీకి తెలుగులో వెళ్ళేలా భాషకి ఒక కాలమ్ పెట్టుకోవచ్చు.

పరీక్ష, గొడవలు

మీ పుస్తకంలోంచి గడిచిపోయిన ఒక వారం తీసుకుని మొత్తం ఎంట్రీ కొట్టండి. చివరి బాకీలు మీకు తెలుసు కాబట్టి తేడా వెంటనే కనిపిస్తుంది. ఆ తర్వాత కావాలని పాడుచేసి చూడండి: మొత్తం చోట సున్నా, లేదా మైనస్, లేదా "ఐదువేలు" అని అక్షరాల్లో. తేదీ ఖాళీగా వదిలేయండి. బటన్ రెండుసార్లు గబగబా నొక్కండి, నెట్ నెమ్మదిగా ఉంటే జనం చేసేది అదే, అప్పుడు బిల్లు రెండుసార్లు పడితే చిక్కే. ఇవి మీరు చేయకపోతే దసరా హడావుడిలో మీ కుర్రాళ్ళు చేస్తారు.

తప్పు వస్తే "పనిచేయట్లేదు, సరిచెయ్" అని మాత్రం రాయకండి. ఏం నొక్కాను, ఏం రావాలి, ఏం వచ్చింది, ఎర్ర అక్షరాల్లో ఏమని చూపించింది, ఈ నాలుగూ ఉన్నదున్నట్టు ఇవ్వండి. ఒకసారికి ఒక్క మార్పే అడగండి, అడిగే ముందు షీటుకి ఒక కాపీ తీసుకోండి. ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ ఉంది, నిన్నటి షీటు దాంట్లోంచి వెనక్కి వస్తుంది. రెండు మూడు సార్లు సరిచేసినా అదే తప్పు తిరిగి వస్తుంటే ఆ సంభాషణ వదిలేసి, కొత్తది తెరిచి, నియమాల కాగితం మొత్తం మళ్ళీ ఇవ్వండి. పాత సంభాషణలో అది తన తప్పుల మీదే అతుకులు వేసుకుంటూ పోతుంది. ప్రతి సర్దుబాటు తర్వాత పార్టీ 017 ఉదాహరణ మళ్ళీ నడిపి 1,610 వస్తోందా లేదా చూడండి, ఒకటి బాగుచేస్తూ ఇంకొకటి చెడగొట్టడం వీటికి అలవాటు.

2025 ఫిబ్రవరిలో ఆంద్రేజ్ కర్పతీ అనే ఏఐ పరిశోధకుడు వైబ్ కోడింగ్ అన్న మాట వాడాడు, కోడ్ ఏముందో చూడకుండా ఏఐ ఇచ్చింది ఇచ్చినట్టు నడిపించేయడం. ఆయన కూడా వారాంతపు సరదా ప్రాజెక్టులకి బాగుంటుందనే అన్నాడు. అమ్మాయి పుట్టినరోజుకి ఆట తయారుచేయడానికి నేనూ అదే చేస్తాను. అరువు లెక్కకి చేయను.

ఏఐకి పంపేటప్పుడు అసలు పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్, బ్యాంకు వివరాలు పెట్టకండి. కాలమ్ పేర్లు, నాలుగు కల్పిత వరసలు చాలు, దానికి అంతకంటే అక్కర్లేదు. మన దేశంలో 2023లో వ్యక్తిగత డేటా చట్టం కూడా వచ్చింది, అదలా ఉంచినా, మన పార్టీల చిట్టా బయటికి పోతే ముందు నష్టం మనకే. షీటు ఎవరి జీమెయిల్‌లో ఉందన్నది కూడా చూసుకోండి. చాలా చోట్ల మేనల్లుడి అకౌంటులో తయారవుతుంది, ఆ అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయి ఫోన్ మార్చాక పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. కొట్టు పేరు మీద ఒక అకౌంటు తెరిచి, షీటు అందులో పెట్టి, మిగతావాళ్ళకి షేర్ చేయండి. గోడౌన్ అబ్బాయికి ఎంట్రీ ఫారం చాలు, మొత్తం షీటు అక్కర్లేదు.

ఇలా చేయించుకోకూడనివి కూడా ఉన్నాయి. జనం మీ యాప్‌లో పాస్‌వర్డ్ పెట్టుకుని లాగిన్ అవ్వాలన్నా, ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకోవాలన్నా, క్లినిక్‌లో మందుల మోతాదు చెప్పాలన్నా అది మన స్థాయి పని కాదు, తెలిసిన ప్రోగ్రామర్‌కి ఇవ్వండి. అప్పుడు కూడా ఆ నియమాల కాగితం, జవాబులతో ఉన్న ఉదాహరణలు తీసుకెళ్ళండి, అడ్డదిడ్డంగా రేటు చెప్పేవాడు కూడా అది చూసి కాస్త తగ్గుతాడు.

ఇక పుస్తకం ఎప్పుడు ఆపాలన్నది. షీటు మొదలుపెట్టిన రోజునే ఆపేయకండి. రెండూ రాయడం విసుగే, పిన్నిగారు కూడా "ఇదేం రెండు చాకిరీలు బాబూ" అనే అన్నారు. అయినా నెలాఖరుకి రెండు చోట్లా ప్రతి పార్టీ బాకీ పైసాతో సహా ఒకటే రావాలి, వరసగా రెండు నెలాఖరులు అలా కలవాలి. ఎక్కడైనా తేడా వస్తే షీటే తప్పు అనుకోకండి, పుస్తకంలో కూడిక తప్పు కూడా అయ్యుండొచ్చు, బిల్లు తీసి చూడండి. రెండో నెల కూడా కలిశాక కొత్త పుస్తకం కొనడం మానేసి, ప్రతి ఆదివారం బాకీ ట్యాబ్‌ని ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి, కరెంటు పోయిన రోజున వసూలుకి వెళ్ళే అబ్బాయి చేతికి ఇవ్వడానికి ఆ కాగితం ఉండాలి.